సన్నమా, దొడ్డా

బాపు, అంటే మా నాన్న, చనిపోయిన నెలన్నరకు సిరిసిల్లలో మా కార్ఖానా ఖాళీ చేశాం. మరమగ్గాలను మా వైపు సాంచాలు అంటారు. అవి నాలుగున్నాయి. నాలుగూ ఆగి చాలా కాలమైంది. పాత ఇనుము కొనేవాళ్లు వచ్చి, ఒక్కొక్కదాన్ని బోల్టులు విప్పి, ముక్కలుగా ట్రాలీ ఆటోలోకి ఎత్తారు. మోటార్లు మాత్రం విడిగా తూస్తామన్నారు, లోపల రాగి ఉంటుందని. వాటిలో ఒకదాని పక్కన అతికించిన చిన్న రేకు మీద నూనె మురికి పేరుకుని ఉంది. నేను చేతిలో ఉన్న గుడ్డతో తుడిచాను. గుర్రపు శక్తి ఎంతో, నిమిషానికి ఎన్ని చుట్లో, ఎన్ని వోల్టులో రాసి ఉంది. నాలుగు వందల నలభై. తమ్ముడు చూసి, "ఉంచుకుంటవా అక్కా, గుర్తుకు?" అని అడిగాడు. వద్దన్నాను. తీసుకుపోయారు. చావు ఇంట్లో వస్తువులు చూస్తే దుఃఖం వస్తుందంటారు. నాకు ఆ అంకె చూస్తే కోపం వచ్చింది. బాపు మీద ఎంత, నా మీద ఎంత అని విడదీయడం నాకు ఇప్పటికీ చేతకావడం లేదు. అందుకే రాస్తున్నాను.

మా ఇంట్లో పొద్దు కరెంటుతో మొదలయ్యేది. సూర్యుడితో కాదు. కరెంటు వచ్చిన క్షణంలో వీధి వీధంతా సాంచాల చప్పుడు ఒక్కసారి లేచేది. ఆ చప్పుడులో పెరిగినవాళ్లం కనుక మాకు అది వినబడేది కాదు. ఆగినప్పుడు మాత్రం వినబడేది. బాపు నాలుగు సాంచాల మధ్య నిలబడి, దారం తెగితే ముడేసేవాడు, నూలు అయిపోయిన కండె తీసి, అటూ ఇటూ పరుగెత్తే నాడెలో కొత్తది పెట్టేవాడు. కండెలకు నూలు చుట్టడం అవ్వ పని, అంటే మా అమ్మ పని; సెలవుల్లో నా పని. ఇల్లంతా గంజి వాసన, మోటారు నూనె వాసన. అన్నం కంచంలో కూడా ఒకోసారి దూది పీచు వచ్చేది. దాన్ని తీసి పక్కన పెట్టి తినేవాళ్లం. కార్ఖానాలో ఒక బల్బు ఎప్పుడూ వెలుగుతుండేది. వెలుతురు కోసం కాదు. అది ఎర్రబడితే వోల్టేజి పడిందని గుర్తు. "బల్బు ఎర్రగైంది, మోటరు బంద్ చెయ్యి" అనేది నేను చిన్నప్పుడు విన్న మాటల్లో అన్నిటికంటే ఎక్కువసార్లు విన్నది. ఎండాకాలం ఒకసారి నేను చూడక మోటారు కాలిపోయింది. బాపు తిట్టలేదు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు, అంతే.

నూలు విషయంలో ఆయన పద్ధతి ఒకటుంది. సేటు దగ్గర నుంచి కొత్త నూలు వస్తే మూట మీద చీటీ ఉంటుంది, ఇన్ని నంబరు అని. నూలుకు నంబరు పెరిగినకొద్దీ దారం సన్నం. ఇరవై నంబరు దొడ్డు, అరవై నంబరు సన్నం. బాపు చీటీ చదివేవాడు కాదు. ఒక పోగు లాగి, బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య నలిపి, నాలుకతో తడిపి, చెవి దగ్గర పెట్టి తెంపేవాడు. తర్వాత నంబరు చెప్పేవాడు. ఆ తర్వాతే చీటీ చూసేవాడు. రెండూ కలవకపోతే మూట తిరిగి పంపేవాడు, వారం పని పోయినా సరే. "చేతికి రాని నూలు సాంచకెక్కియ్యొద్దు" అనేవాడు. ఇది ఆయన ఒక్కడి చాదస్తం కాదు, ఆ వీధిలో పాతవాళ్లందరూ చేసేదే. కానీ ఆయన దీన్ని నూలు దాకా ఆపలేదు. డాక్టరు మందు రాసినా, బ్యాంకువాళ్లు కాగితం పెట్టినా, తనకు చేతికి వచ్చేదాకా అడిగేవాడు. కరెంటు స్తంభం ఎక్కిన మనిషిని కూడా కిందికి దిగాక కూర్చోబెట్టి, చాయ్ తాగించి, మూడు తీగలెందుకో, వోల్టు అంటే ఏమిటో చెప్పించుకున్నాడని అవ్వ చెప్పి నవ్వేది.

ఇంటర్ తర్వాత నన్ను కోరుట్లలో మా మేనత్త రాజవ్వ ఇంట్లో ఉంచారు. అక్కడి నుంచి జగిత్యాల డిగ్రీ కాలేజీకి బస్సు. మామ మస్కట్‌లో ఉండేవాడు. నెలకో రెండు నెలలకో ఆయన గొంతు క్యాసెట్టులో వచ్చేది; అత్త దాన్ని టేప్‌రికార్డరులో పెట్టి, వింటూ బీడీలు చుట్టేది. మామ క్షేమం అడిగిన చోట ఆగి జవాబు కూడా చెప్పేది, ఎదురుగా ఉన్నట్టు. ఆ ఇంటి వాసన వేరు. తడి తునికాకు, తంబాకు. చాట ఒళ్లో పెట్టుకుని, ఆకు కత్తిరించి, తంబాకు పోసి, మలిచి, దారం చుట్టడం; ఇరవై ఐదుకు ఒక కట్ట. నేను చదువుకుంటుంటే అత్త వేళ్లు ఆగేవి కావు, నోరు కూడా ఆగేది కాదు. చదువుకున్న పిల్ల ఇంట్లో ఉందని ఆమెకు గొప్ప. వాడకట్టులో ఎవరి ఇంటికి ఉత్తరం వచ్చినా నన్ను పంపేది.

కాలేజీలో ఫిజిక్స్ చెప్పే సారు నోట్సు చెప్పేవాడు, మేం రాసుకునేవాళ్లం. మూడో ఏడు కేంద్రక భౌతికశాస్త్రం వచ్చింది. అక్కడే మొదటిసారి ఎలక్ట్రాన్ వోల్టు అన్న మాట రాసుకున్నాను. ఒక ఎలక్ట్రాన్ వోల్టు అంటే ఇన్ని జౌళ్లు, పది మీద మైనస్ పందొమ్మిది ఘాతం. పక్కన పట్టికలో ఎలక్ట్రాను ద్రవ్యరాశి ఐదు లక్షల పదకొండు వేల ఎలక్ట్రాన్ వోల్టులు, ప్రోటానుది తొంభై మూడు కోట్ల పైచిలుకు. ద్రవ్యరాశి అంటే కిలోల్లో కదా ఉండాలి, శక్తి కొలతలో ఎందుకు రాస్తారు సార్ అని అడిగాను. కాంతి వేగాన్ని ఒకటి అనుకుంటారు, అది పరీక్షకు రాదు, రాసుకో అన్నాడు. రాసుకున్నాను. ఆయన చెడ్డవాడు కాదు. ఆయనకూ ఎవరో అలాగే చెప్పి ఉంటారు. నాకు మంచి మార్కులు వచ్చాయి. హైదరాబాద్‌లో ఎమ్మెస్సీ సీటు వచ్చింది. ఇక కణాల గురించే చదువుతానని నిర్ణయం చేసుకున్నాను, వాటి గురించి నాకు తెలిసింది ఒక పట్టిక, రెండు సూత్రాలు అయినా.

సీటు కాగితం తీసుకుని సిరిసిల్ల వచ్చాను. చేరడానికి ఎనిమిది రోజుల గడువు. బాపు కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు, నూలు చీటీ చూసినట్టు. డబ్బు సంగతి ఎత్తలేదు. పెళ్లి సంగతి అసలే ఎత్తలేదు. సాంచ ఆపి, చేతులు తుడుచుకుని, నన్ను ఎదురుగా కూర్చోమన్నాడు.

"బిడ్డా, నువ్వు ఆడికి పోయి ఏం సదువుతవో నాకు సమజైతట్టు చెప్పు. సమజైతే పంపుత."

"సమజు గాకుంటే?"

"గాకుంటే నీకు సమజు గాలేదన్నట్టు."

ఇది వినడానికి తేలికగా ఉంది. ఎనిమిది రోజులున్నాయి. నేను కాలేజీలో ఫస్టు. మొదటి రోజు నోట్సు తెచ్చి చదివి వినిపించాను. తెలుగులోనే చెప్పాననుకున్నాను గానీ అందులో తెలుగు క్రియలు మాత్రమే ఉన్నాయి. ఆయన చివరిదాకా విన్నాడు. చీటీ చదివినవ్, నూలు ముట్టలేదు అన్నాడు. కరెంటు వచ్చింది, లేచిపోయాడు.

మూడో రోజు మళ్లీ కూర్చున్నాం. ఈసారి చిన్నగా మొదలుపెట్టాను. లోకంలో అన్నిటికంటే చిన్నవి కణాలు, వాటి బరువు కిలోల్లో చెప్పలేం, ఎలక్ట్రాన్ వోల్టుల్లో చెబుతాం అన్నాను. ఆయన ముఖం వెలిగింది. తెలిసిన మాట దొరికింది కదా. మోటారు వైపు చూపించి అడిగాడు.

"గీ ఓల్టేనా?"

నేను కాదన్నాను. అది వేరే వోల్టు, దీనికీ దానికీ సంబంధం లేదు అన్నాను.

అబద్ధం చెప్పాలని చెప్పలేదు. నాకు నిజంగా తెలియదు. నా నోట్సులో ఆ మాట పక్కన మోటారు లేదు, పది మీద మైనస్ పందొమ్మిది ఉంది. ఇంకో కారణం కూడా ఉంది, రాయడానికి సిగ్గుగా ఉన్నా రాస్తాను. నేను పోబోయే చోటు, నేను చదవబోయే చదువు, ఈ నూనె మురికి రేకు మీద ఉన్న మాటతో కలిసి ఉండటం నాకు ఇష్టం లేదు. అవి వేరుగా ఉండాలి. వేరుగా ఉంటేనే కదా పోవడం.

బాపు వదల్లేదు. సరే వేరేదే అనుకుందాం అని, ఇంకో ప్రశ్న అడిగాడు. అప్పటికి మా వీధిలోకి పాలిస్టర్ నూలు వచ్చింది. దాని లెక్క నంబరుతో కాదు, డెనియర్‌తో. అది తిరకాసు: నంబరు పెరిగితే నూలు సన్నం, డెనియర్ పెరిగితే దొడ్డు. కొత్తగా పాలిస్టర్‌కు మారిన నేతగాళ్లు ఇక్కడ తప్పు చేసి తప్పుడు నూలు తెచ్చుకునేవాళ్లు. అందుకని ఏ కొత్త కొలత వచ్చినా మా వాళ్లు మొదట అడిగేది ఒక్కటే.

"గా లెక్క పెరిగితే సన్నమైతదా, దొడ్డైతదా?"

శక్తికి సన్నం దొడ్డు ఉండవు బాపూ అన్నాను. గొంతు పెరిగిందని నాకే తెలిసింది. ఎట్ల ఉండదు, ప్రతి లెక్కకు ఒక దిక్కు ఉంటది అన్నాడు. ఇది నూలు కాదు, నీకు చెప్పినా తెల్వది అన్నాను. ఆ మాట తర్వాత ఆయన ఏమీ అడగలేదు. అవ్వ లోపల కండె చుట్టడం ఆపింది.

కోరుట్ల నుంచి రాజవ్వత్త వచ్చింది, నా తరఫున కొట్లాడటానికి. ఆమె అన్న ముందు కూర్చుని చాలా సేపు మాట్లాడింది. తన మొగుడు మస్కట్‌లో ఏం పని చేస్తాడో తనకు సగం తెలియదని, అయినా పంపిందని, తెలిసే పంపాలంటే ఈ జిల్లాలో ఎవడూ ఊరు దాటడని చెప్పింది. చివరికి విసుగొచ్చి, "నీకు సమజు గాకుంటే పోరి సదువు ఆగుతదా అన్నా? సాంచ పెట్టుకున్ననాడు కరెంటు ఎట్లస్తదో అడిగినవా?" అంది.

"అడిగిన. ఆడు చెప్పిండు."

ఆ స్తంభం దిగిన మనిషి సంగతే అది; అత్త సాయంత్రం బస్సుకు తిరిగి పోయింది.

మిగిలిన రోజులు నేను చెప్పడానికి ప్రయత్నించలేదు. నోట్సు మళ్లీ తీసి చూసుకోలేదు. ఎవరినీ అడగలేదు. జగిత్యాల బస్సెక్కి సారు దగ్గరికి పోయి, ఇది ఏ వోల్టు సార్ అని అడగడానికి ఒక పూట పడుతుంది. పోలేదు. అన్నం మానేశాను, మాట మానేశాను. ఏడో రోజు, ఆడపిల్లనని ఆపుతున్నవు, ఆ మాటే సక్కగ చెప్పు అని అందరి ముందు అన్నాను. వీధి అదే అనుకుంది. అది అనుకోవడం వీధికి సులభం, నాకు ఇంకా సులభం. బాపు కాదని కూడా అనలేదు. గడువు దాటింది. అటు తర్వాత బీఈడీ చేస్తానంటే ఒక్క ప్రశ్న వేయకుండా పంపాడు. పిల్లలకు సమజు చేసుడు నేర్పుతరట గదా అన్నాడు. వీర్నపల్లి వైపు బడుల్లో సైన్సు చెబుతూ నా ఉద్యోగం గడిచింది.

తమ్ముడికి కూడా అదే పరీక్ష పెట్టాడు, న్యాయంగా చెప్పాలంటే. వాడు ఐటీఐలో చేరతానంటే ఏం చేస్తవురా అని అడిగాడు. కాలిన మోటార్లకు తీగ చుడత అన్నాడు వాడు. అయిపోయింది, మర్నాడే చేర్చాడు. నా కోపం ఇక్కడ ఇంకా చల్లారలేదు. ఒక్క వాక్యంలో చెప్పగలిగే చదువుకు దారి తెరుచుకుంటుంది, చెప్పలేని చదువుకు మూసుకుపోతుంది. ఎవరూ చెప్పలేకపోవడం వల్లనే కదా దాన్ని పోయి చదవాల్సింది. తెలిసినవాళ్లే పోవాలంటే చదువు ఎందుకు. ఈ మాట నేను బాపుతో ఎన్నోసార్లు మనసులో వాదించాను, ప్రతిసారీ గెలిచాను. గెలిచినా లాభం లేదు. ఆయన అడిగిన రెండు ప్రశ్నలూ సరైనవని మధ్యలో తెలిసిపోయింది.

తెలిసింది నలభై దాటాక. పాత పుస్తకాల దుకాణంలో కొన్న ఒక పుస్తకం చదువుతున్నాను. అందులో మొదటి అధ్యాయంలోనే ఉంది. ఒక ఎలక్ట్రాను ఒక్క వోల్టు తేడాను దాటితే దానికి వచ్చే శక్తి ఒక ఎలక్ట్రాన్ వోల్టు. వోల్టు అంటే మామూలు వోల్టే. బ్యాటరీలో ఉండేది, గోడలో ఉండేది, మా మోటారుకు వచ్చేది. ఇంకొన్నాళ్లకు రెండో ప్రశ్నకు జవాబు కూడా దొరికింది. కణాన్ని ఎంత ఎక్కువ శక్తితో తోలితే అంత సన్నని సంగతులు తడమవచ్చు. శక్తి రెట్టింపు చేస్తే దానికి అందే అతి చిన్న దూరం సగమవుతుంది, నూలు నంబరు లాగే. భూమిలో అంత పెద్ద సొరంగాలు తవ్వి యంత్రాలు కట్టేది ఆ సన్నం కోసమే. కానీ కణం సొంత బరువు చెప్పేటప్పుడు అదే కొలత డెనియర్ లాగా పోతుంది, ఎక్కువైతే బరువు. ప్రతి లెక్కకూ ఒక దిక్కు ఉంటుందన్నాడు బాపు. దీనికి రెండు దిక్కులున్నాయి. చెబితే ఆయన ఎంత సంతోషపడేవాడో నాకు తెలుసు.

చెప్పలేదు. ఇదే రాయాల్సిన సంగతి, మిగిలినదంతా దీని దాకా రావడానికి. ఒకసారి అవకాశం ఆయనే ఇచ్చాడు. పేపర్లో ఏదో కొత్త కణం దొరికిందని పెద్దగా వచ్చింది. దాని బరువు నూట ఇరవై ఐదు గిగా ఎలక్ట్రాన్ వోల్టులని రాశారు. ఆదివారం నేను సిరిసిల్ల వెళ్తే, ఆయన ఆ పేపరు మడిచి దాచి ఉంచాడు. అద్దాలు పెట్టుకుని, ఆ వాక్యం మీద వేలు పెట్టి, నువ్వు సదువుతనన్నది గిదేనా బిడ్డా అని అడిగాడు. అవును అన్నాను. ఆయన ఆగాడు. ఇంకా ఏదైనా చెబుతానేమోనని చూశాడు. నాకు అప్పటికి అంతా తెలుసు. పావుగంట పని. నేను లేచి చాయ్ పెట్టడానికి పోయాను. ఆనాడు ఆయన నన్ను పోనీయనిదానికి ఇది బదులు అనుకున్నాను. తిరిగి వచ్చేసరికి ఆయన పేపరు మడిచేసి, తమ్ముడి పిల్లలతో మాట్లాడుతున్నాడు. తర్వాత ఆయన మళ్లీ అడగలేదు.

ఇప్పుడు ఈ ప్రశ్నలకు జవాబు ఫోనులో ఉంది. నా ఉద్యోగం చివరి ఏళ్లలోనే బడి పిల్లలు ఎలక్ట్రాన్ వోల్టు అని నోటితో చెప్పి, ఫోను పలికింది పలికినట్టు రాసుకునేవాళ్లు. నా నోట్సు కంటే అందమైన చీటీ. సన్నమా దొడ్డా అని అడిగిన పిల్ల ఇన్నేళ్లలో ఒక్కతీ కనబడలేదు. అది వాళ్ల తప్పని అనను. అలా అడిగే మనిషిని నేను ఇంట్లో పెట్టుకుని ఏం చేశానో నాకు తెలుసు.

మోటార్లు పోయిన వారానికి కోరుట్ల పోయాను. రాజవ్వత్తకు డెబ్బై ఐదు దాటింది. అన్న చావుకు వచ్చి పోయినప్పటి నుంచి మనిషి మెత్తబడింది. చూపు తగ్గినా చాట వదల్లేదు. రోజుకు నాలుగైదు కట్టలు చుడుతుంది, పొద్దుపోవడానికి అంటుంది. ఇల్లు మారింది, నేల మీద టైల్స్ వచ్చాయి, తంబాకు వాసన మాత్రం గోడల్లో అలాగే ఉంది. ఆమె పక్కన కూర్చుని, కత్తిరించిన ఆకులు అందిస్తూ, అడగకుండానే చెప్పడం మొదలుపెట్టాను. మా మోటారుకు వచ్చేది నాలుగు వందల నలభై వోల్టులు. ఒక ఎలక్ట్రాను అన్ని వోల్టులు దాటితే దానికి వచ్చే జోరు నాలుగు వందల నలభై ఎలక్ట్రాన్ వోల్టులు. అదే వోల్టు. ఆ జోరు గట్టిపడితే బరువవుతుంది, అందుకని బరువుకూ అదే లెక్క వాడతారు. నూలు ఎంత దొడ్డు అని అడిగితే మనం తూకానికి ఎంత పొడుగు వస్తుందో చెప్పమా, అట్లాగే. బరువుకైతే లెక్క పెరిగినకొద్దీ దొడ్డు. తడమడానికైతే లెక్క పెరిగినకొద్దీ సన్నం. అత్త మధ్యలో ఒకసారి ఆపి, ఆ రెండో సంగతి మళ్లీ చెప్పమంది. చెప్పాను. కట్ట పూర్తి కాకముందే అయిపోయింది.

"గింతేనా?" అంది.

"గింతే."

ఆమె దారం తెంపి, బీడీ కట్టలో పెట్టింది.

"మరి ఆనాడు పోయుంటే, దీని మీద ఇంక ఏం సదువుతుంటివే?"

తెల్వదు అత్తా అన్నాను. అది తెలుసుకోవడానికే ఆనాడు పోతానన్నాను.